జలేఽస్మిన్ అంటే ఈ చెంబులో నీళ్ళు

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు

చిన్నప్పుడు మా మామ్మ నాకు తలంటి నీళ్ళు పోసేముందు మొదటి చెంబు మీద అరచెయ్యి మూతలా పెట్టి ఈ శ్లోకం చదివేది. అది అయ్యేదాకా నేను చలికి వణుకుతూ పీట మీద కూర్చోవాల్సిందే. మాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లెటూరు, పెరటి తలుపు తీసి నాలుగు అడుగులేస్తే కాలువ రేవు. మామ్మ పోయాక ఆ పీట అటకెక్కింది గానీ శ్లోకం మాత్రం నోట్లో ఉండిపోయింది. షవర్ తిప్పేసి, నీళ్ళు కాళ్ళ కింద నుంచి పారిపోతూ ఉండగానే గబగబా అనేసేదాన్ని. అర్థం తెలుసు. ఓ గంగమ్మా, యమునమ్మా, గోదారి తల్లీ, ఈ నీటిలోకి వచ్చి ఉండండి అని.

ఆ "ఈ నీటిలో" అన్న మాట నాకు నిజంగా తెలిసింది మలావిలో.

ఆఫ్రికాలో ఆగ్నేయం వైపు ఉండే చిన్న దేశం అది. సముద్రం లేదు, కానీ తూర్పు పక్కన సముద్రంలాంటి సరస్సు ఉంది. సలీమా జిల్లాలో ఒక ఊరి బళ్ళో లెక్కలు చెప్పడానికి వాలంటీరుగా ఏడాది ఉన్నాను. అంత పెద్ద సరస్సు ఉన్న దేశంలో మా ఊరికి నీళ్ళు ఒక్క బోరింగు నుంచే. అక్టోబర్ వచ్చేసరికి ఎండలు మనకి మే నెలలో కాసినట్టు కాస్తాయి, వానలు ఇంకా పడవు, బోరింగు దగ్గర తెల్లవారకముందే బకెట్ల వరస. ఆడపిల్లలు బకెట్ నిండాక నీళ్ళ మీద ఓ ఆకుకొమ్మ వేసి నెత్తికెత్తుకుంటారు, నడుస్తుంటే తొణక్కుండా. ఆ కొమ్మ చూసినప్పుడల్లా నాకు మన కలశంలో మామిడాకులు గుర్తొచ్చేవి.

నేను వెళ్ళిన మొదటి వారం, నేను బస చేసిన ఇంటి ఆవిడ రోజూ పొద్దున్నే స్నానానికి నిండు బకెట్ పెట్టేది, నేను మొత్తం పోసేసుకునేదాన్ని, మన ఊళ్ళో అలవాటే కదా. ఆ బకెట్ కోసం వాళ్ళ పెద్దమ్మాయి బడికి వెళ్ళేముందు ఇంకో తడవ బోరింగుకి వెళ్ళొస్తోందని నాకు తెలిసింది తర్వాత. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఒక సాయంత్రం ఆ పిల్లే మామూలుగా అడిగింది, మీ ఊళ్ళో నీళ్ళకి ఎంత దూరం వెళ్ళాలి అని. నాలుగు అడుగులు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు సగం బకెట్ చాలన్నాను. అందులోంచి మొదటి చెంబు ముంచి, మామ్మలాగే చెయ్యి మూత పెట్టి శ్లోకం మొదలుపెట్టి, "జలేఽస్మిన్" దగ్గర ఆగిపోయాను. అస్మిన్ జలే, ఈ నీటిలో. ఏ నీటిలో? ఓ పదమూడేళ్ళ పిల్ల చీకట్లో లేచి మోసుకొచ్చిన ఈ చెంబెడు నీటిలో. గోదారిలో మొలలోతు దిగి నిలబడ్డవాడికి గోదావరిని పిలవాల్సిన పనేముంది, ఎదురుగానే ఉంది కదా తల్లి. ఈ శ్లోకం అసలు చెంబు ముందు కూర్చున్నవాడి కోసమే అనిపించింది. పైగా "కురు" ఏకవచనం. అందరినీ కలిపి ఒక గుంపుగా పిలవడం కాదు, ఒక్కొక్క తల్లినీ పేరు పెట్టి "నువ్వు రా" అనడం. కంటికి కనిపించని సరస్వతినీ పిలుస్తాం. ఇప్పుడు ఎక్కువ భాగం పాకిస్తాన్‌లో పారే సింధునీ పిలుస్తాం. అలాంటప్పుడు మలావి బోరింగు నీళ్ళలోకి మా గోదారి రాదని ఎందుకనుకోవాలి? వచ్చిందనే నా నమ్మకం.

కరెంటు, గ్యాసు, పక్క వీధిలో మందుల షాపు, వీటి విలువ కూడా అక్కడే తెలిసింది, కానీ నీళ్ళ దగ్గర తెలిసినంత కాదు.

అక్కడ అన్నం బదులు న్సిమా, మొక్కజొన్న పిండితో గట్టిగా చేసే ముద్ద, చేత్తోనే తింటారు. తినేముందు ఇంట్లో చిన్నపిల్ల జగ్గూ బేసినూ పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చి చేతుల మీద నీళ్ళు వంచుతుంది. సన్నటి ధార, అంతే. బేసినులో పడ్డ నీళ్ళు బొప్పాయి మొదట్లో పోసేవాళ్ళు. కడుక్కున్నవాళ్ళు రెండు చేతులూ మెల్లగా చరిచి "జికొమో" అంటారు. వాళ్ళ చిచేవా భాషలో కృతజ్ఞత చెప్పే మాట. మా తాతగారు విస్తరి ముందు ఔపోశన పట్టేటప్పుడు "అమృతోపస్తరణమసి" అనేవారు. నువ్వు అమృతానికి పరుపువి అని నీళ్ళతో చెప్పడం అది, ఆ నీళ్ళ మీదే అన్నం పడాలి. తిన్నాక "అమృతాపిధానమసి", నువ్వే మూతవి. అన్నానికి కిందా పైనా నీళ్ళే. ఆ రెండు ఇళ్ళ పెద్దలూ ఒకరినొకరు చూసుకుంటే ఎంత బావుండేదో అనిపించేది.

తిరిగి వచ్చింది ఏప్రిల్ చివర్లో, కాలువలు కట్టేసిన రోజుల్లో. రేవు మెట్లు ఎండి, అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది. ఏటా చూసిందే అయినా ఈసారి చాలాసేపు చూశాను. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని మన బళ్ళలో చెప్తారు, సంకల్పంలో ఆయన పేరు కలిపి చదివే పండితులూ మన జిల్లాల్లో ఉండేవారు. "నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః, స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథం." రోజూ గోదావరీ స్నాన పుణ్యం ఇచ్చిన ఆ ఆంగ్లేయ భగీరథుణ్ణి తలుచుకుంటున్నాను అని. పరదేశి అయితేనేం, మేలు చేసినవాడి పేరు దేవుడి ముందు చెప్పుకున్నారు మన పెద్దలు, నాకు అది చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆయనతో పాటు తట్టలు మోసినవాళ్ళ పేర్లు ఏ శ్లోకంలోనూ లేవు. ఆ చోట నేను ఆ పదమూడేళ్ళ పిల్లని తలుచుకుంటాను. అంతర్వేది వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడే ఊళ్ళల్లో బిందెలు మోసే ఆడవాళ్ళని కూడా.

జూన్‌లో కాలువ వదిలాక నీళ్ళు మా రేవు దాకా వచ్చిన రోజు అమ్మ మెట్టు మీద పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టుకుంది. నేను చెంబు ముంచి, చెయ్యి మూత పెట్టి, శ్లోకం చివర "జికొమో" అన్నాను. అదేం మంత్రమే, అంది అమ్మ. చెప్పాను, ఆ పిల్ల సంగతీ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, ట్యాంకు నిండి గోడ మీదుగా కారిపోతున్న మోటారు కట్టేసి వచ్చింది.