హోఖర్‌హైడె చెక్కల దగ్గర్నుంచి క్వారెమాంట్ రాళ్ల దాకా

ఆదివారం పొద్దున బెర్గెన్ ఆప్ జోమ్ స్టేషన్‌లో రైలు దిగేసరికి ప్లాట్‌ఫాం మీద సగం మంది నెత్తిన నారింజ రంగు టోపీలు. మిగతా సగం మంది చంకలో నల్ల సింహం బొమ్మ ఉన్న పసుపు జెండాలు. మొదటివాళ్లు డచ్‌వాళ్లు, రెండోవాళ్లు బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. అది 2023 ఫిబ్రవరి 5. అక్కడికి దక్షిణంగా, బెల్జియం సరిహద్దుకు దగ్గర్లో ఉన్న హోఖర్‌హైడె అనే చిన్న ఊళ్లో ఆ రోజు సైక్లోక్రాస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మగవాళ్ల రేసు.

బ్రస్సెల్స్ నుంచి మా బావ వచ్చే రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. దిగుతూనే, "ఏరా, ఇంత చలిలో ఆరుబయట నిలబెడతావా నన్ను?" అన్నాడు. సైకిల్ రేసంటే ఆయనకు జులైలో టీవీలో వచ్చే టూర్ ద ఫ్రాన్స్ ఒక్కటే. "రోడ్లు ఉండగా పొలాల్లో తొక్కడమేంట్రా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. "చూశాక మళ్లీ అడుగు బావా" అన్నాను.

నేను శనివారమే ఒకసారి వచ్చి ఆడవాళ్ల రేసు చూశాను. ఫెమ్ వాన్ ఎంపెల్, పుక్ పీటర్సె ఇద్దరూ డచ్ అమ్మాయిలే, ఇద్దరికీ అప్పటికి ఇరవయ్యేళ్లే. వాన్ ఎంపెల్ ఈ ఆటలోకి రాకముందు ఫుట్‌బాల్ ఆడింది. పీటర్సె అయితే అడ్డంగా పెట్టిన చెక్కల మీదుగా సైకిల్ దిగకుండానే ఎగిరిపోతుంది. ఆడవాళ్ల రేసుల్లో అప్పటికి అలా చేసేవాళ్లు బాగా అరుదు. చివరికి వాన్ ఎంపెల్ గెలిచింది, పీటర్సె రెండో స్థానం, లూసిండా బ్రాండ్ మూడో స్థానం. కానీ నేను నిలబడింది ఫినిష్ లైన్ దగ్గర. అక్కడ కనిపించేది తారు రోడ్డు మీద దూసుకుపోవడం ఒక్కటే. అసలు రేసంతా లోపల జరిగిపోయింది, నాకు కేకలు మాత్రం వినిపించాయి. అందుకే ఆదివారం బావను తిన్నగా చెక్కల దగ్గరికి తీసుకెళ్లాను. అక్కణ్నుంచి కాస్త తల తిప్పితే పిట్, అంటే రైడర్లు సైకిల్ మార్చుకునే చోటు, కూడా కనిపిస్తుంది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. సైక్లోక్రాస్ శీతాకాలపు ఆట. గడ్డి, ఇసుక, బురద, మెట్లు, ఏటవాలు గట్లు కలిపి రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు గీస్తారు. మగవాళ్లు దాన్ని దాదాపు గంటసేపు తిరుగుతారు. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. చెక్కల ఎత్తు 40 సెంటీమీటర్లు మించకూడదు. తొక్కలేని చోట సైకిల్ భుజాన వేసుకుని పరుగెత్తాలి. చూసేవాళ్లకు ఇందులో పెద్ద సుఖం ఏమిటంటే, ఉన్నచోటనే నిలబడితే చాలు, ఐదారు నిమిషాలకోసారి వాళ్లే మన ముందుకు వస్తారు. అదీ చెయ్యి చాపితే అందేంత దగ్గరగా.

హోఖర్‌హైడె ట్రాక్‌కు ఇంకో విశేషం ఉంది. దాన్ని గీసింది ఆడ్రి వాన్ డర్ పూల్. ఆయన 1986లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ అనే రోడ్డు రేసు గెలిచాడు, 1996లో సైక్లోక్రాస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఏటా ఇక్కడ జరిగే రేసుకు ఆయన పేరే. ఆయన కొడుకే మాథ్యూ వాన్ డర్ పూల్. ఆ పొద్దుటికి అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్. ఎదురుగా మూడుసార్ల చాంపియన్, బెల్జియం కుర్రాడు వౌట్ వాన్ ఆర్ట్. పదేళ్లకు పైగా, జూనియర్ల రోజుల నుంచి, వీళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు తరుముకుంటూనే ఉన్నారు. తండ్రి గీసిన ట్రాక్ మీద కొడుకు తొక్కుతున్నాడంటే ఆ ఊరివాళ్లకు అది ఇంట్లో పెళ్లిలాంటిది. పక్కనున్న పెద్దాయన మొదటి ల్యాప్‌కు ముందే కళ్లు తుడుచుకోవడం చూశాను.

రేసు మొదలైన కాసేపటికే మిగతావాళ్లంతా వెనకబడ్డారు. నారింజ జెర్సీ, లేత నీలం జెర్సీ, అంతే. చెక్కల దగ్గరికి వాళ్లు రావడం ముందు చెవులకు తెలుస్తుంది. దూరం నుంచి కేక ఒక అలలాగా దగ్గరికి జరుగుతూ వస్తుంది. తర్వాత డిస్క్ బ్రేకుల కీచు. ఆ వెంటనే ముందు చక్రం లేస్తుంది, రైడర్ మోకాళ్లు మడిచి సైకిల్‌ను తన కిందికి లాక్కుంటాడు, వెనక చక్రం చెక్క అంచును తాకీ తాకనట్టు దాటుతుంది. నేలకు దిగినప్పుడు "ధబ్" మని ఒక మెత్తటి చప్పుడు. టైర్లలో గాలి బాగా తక్కువ పెడతారు కాబట్టి ఆ చప్పుడు అలా ఉంటుంది. రెండో చెక్క వెంటనే ఉంటుంది, ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఉండదు. ఒక ల్యాప్‌లో వాన్ ఆర్ట్ దిగినప్పుడు లేచిన మట్టిపెడ్డ వచ్చి బావ కోటు మీద పడింది. ఆయన దాన్ని దులుపుకోలేదు.

మూడో నాలుగో ల్యాప్ నుంచి నాకు ఒక సంగతి పట్టుబడటం మొదలైంది. జెర్సీ రంగు చూడకపోయినా ఇద్దరినీ వేరు చేయవచ్చు. వాన్ ఆర్ట్ సైకిల్ మీద నిటారుగా, నిబ్బరంగా కూర్చుంటాడు. ఎంత కష్టపడుతున్నా నడుము పైభాగం పెద్దగా కదలదు. వాన్ డర్ పూల్ వేగం పెంచేటప్పుడు సీటు మీంచి లేచి సైకిల్‌ను అటూ ఇటూ విసిరినట్టు తొక్కుతాడు, మోచేతులు బయటికి వస్తాయి, నోరు తెరుచుకుంటుంది. చెక్కలు దాటిన వెంటనే అతను అలా లేచిన ప్రతిసారీ ఇద్దరి మధ్య ఒక సైకిల్ పొడుగంత ఎడం వచ్చేది. తర్వాతి ల్యాప్‌కు వాన్ ఆర్ట్ దాన్ని పూడ్చుకుని వచ్చేవాడు. టీవీలో కెమెరా ఒకరి నుంచి ఒకరికి మారుతూ ఉంటుంది కాబట్టి ఈ తేడా నాకెప్పుడూ తెలియలేదు. ఒకే చోట నిలబడి ఒకే పనిని పదే పదే చూస్తేనే మనిషి తొక్కుడు మనసుకు అంటుకుంటుంది.

పిట్ గురించి చెప్పకుండా ఉండలేను. ముందున్న ఇద్దరి కంటే నాకు అక్కడ వెనకబడ్డవాళ్ల మెకానిక్‌లే ఎక్కువ కనిపించారు. రైడర్ పిట్‌లోకి వచ్చి మట్టి పట్టిన సైకిల్ వదిలేసి, పరుగు మీదే ఇంకోటి అందుకుని వెళ్లిపోతాడు. వదిలేసిన సైకిల్‌ను మెకానిక్ ప్రెషర్ గన్‌తో కడిగి, గేర్ల సందుల్లో ఇరుక్కున్న గడ్డిని వేలితో లాగి, గొలుసుకు నూనె వేసి, మళ్లీ గీత దగ్గర పట్టుకుని నిలబడాలి. ఒకతను గ్లవ్స్ తీసేసి పని చేస్తున్నాడు, వేళ్లు కమిలిపోయి ఎర్రగా ఉన్నాయి. అతని రైడర్ అప్పటికి ముప్పయ్యో స్థానానికి అటూ ఇటూ ఉన్నాడు. కాసేపట్లో ల్యాప్ వెనకబడితే రేసులోంచి తీసేస్తారు. అయినా ఆ మెకానిక్ సైకిల్‌ను ప్రపంచ చాంపియన్‌కు అందిస్తున్నంత శ్రద్ధగా తుడిచాడు. అతని రైడర్ మళ్లీ పిట్ వైపు రానేలేదు.

చివరి ల్యాప్ గంట మోగేసరికి బావ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. "ఎవరు గెలుస్తార్రా?" అన్నాడు. "తెలిస్తే ఇంత టెన్షన్ ఎందుకు బావా?" అన్నాను. ఇద్దరూ మా ముందు నుంచి ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఇక మాకు మిగిలింది పెద్ద స్క్రీన్ ఒక్కటే. అందరం అటు తిరిగాం. తారు రోడ్డెక్కగానే వాన్ డర్ పూల్ స్ప్రింట్ ఎత్తుకున్నాడు. అంత దూరం నుంచి మొదలుపెడతాడని ఎవరూ అనుకోలేదు. వాన్ ఆర్ట్ ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది, ఆ క్షణం మళ్లీ దొరకలేదు. వాన్ డర్ పూల్‌కు ఐదో టైటిల్. మూడో స్థానం ఎలి ఇసెర్బిట్‌ది. నారింజ టోపీలు గాల్లోకి లేచాయి. మా పక్కన జెండా పట్టుకున్న ఫ్లెమిష్ కుర్రాడు కింద కూర్చుండిపోయాడు. ఇందాకటి పెద్దాయన వెళ్లి అతని భుజం తట్టి చెయ్యిచ్చి లేపాడు.

ఈ విషయం నేను రోడ్డు రేసులు చూసే స్నేహితులకు ఎప్పుడూ చెబుతుంటాను. వేసవిలో మీరు చూసే పెద్ద పేర్లలో కొన్ని శీతాకాలంలో ఈ గడ్డిలోనే దొరుకుతాయి. అప్పుడు వాళ్ల చుట్టూ జట్టు ఉండదు, వెనక కారు ఉండదు, ఎవరి చాటునా దాక్కోవడానికి వీలుండదు. మనిషి ఏమిటో ఇక్కడ బయటపడినట్టు రోడ్డు మీద బయటపడటానికి రెండు వందల కిలోమీటర్లు పడుతుంది.

ఆ రెండు వందల కిలోమీటర్లు కూడా చూద్దామని ఏప్రిల్ 2న ఫ్లాండర్స్ వెళ్లాం. ఈసారి ముందుగా ఫోన్ చేసింది బావే. టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ ఆ ఏడాది బ్రూజ్‌లో మొదలై 273 కిలోమీటర్లు తిరిగి ఔదెనార్డెలో ముగుస్తుంది. మేం ఔదెనార్డెలో రైలు దిగి, సైకిళ్లు అద్దెకు తీసుకుని ఔదె క్వారెమాంట్ అనే గుట్టకు వెళ్లాం. ఎక్కుడు మొత్తం 2,200 మీటర్ల పొడుగు, అందులో చాలా భాగం రాళ్లు పరిచిన దారి. కాగితం మీద చూస్తే అంత నిటారు కాదు. దిగి నడిస్తే తెలుస్తుంది. రాయికీ రాయికీ మధ్య బొటనవేలు దూరేంత సందు. ఒక్కో రాయి వీపు గుండ్రంగా అరిగి ఉంది, పైన తడి. బూటు వేసుకున్న నా కాలే రెండుసార్లు జారింది. బావ వంగి ఒక రాయి మీద అరచెయ్యి పెట్టి, "దీని మీద వాళ్లు ఎలా తొక్కుతార్రా?" అన్నాడు. హోఖర్‌హైడెలో అడిగిన ప్రశ్న లాంటిదే, గొంతు మాత్రం వేరు.

మగవాళ్లు ఆ గుట్టను మూడుసార్లు ఎక్కాలి. మొదటిసారి అంతా గుంపుగా వచ్చారు. ముందు హెలికాప్టర్, తర్వాత మోటార్ సైకిళ్లు, తర్వాత ఊరు దద్దరిల్లే కేక, ఆ వెనక రంగుల వరద. కళ్లు ఒక్కరి మీద నిలిచేలోపే అయిపోయింది. బావ ముఖంలో నిరాశ కనిపించింది. పొద్దుటి నుంచి నిలబడింది దీనికోసమా అన్నట్టు చూశాడు. రోడ్డు రేసు మొదటిసారి చూసేవాళ్లందరికీ అలాగే ఉంటుంది. టీవీలో ఆరు గంటలు కనిపించేది ఇక్కడ ఆరు క్షణాలు. అందుకే మూడుసార్లు వచ్చే చోటు ఎంచుకున్నాను.

రెండోసారికి గుంపు చీలికలు పీలికలైంది. మూడోసారి మేం గుట్ట పైభాగాన ఉన్నాం. ముందుగా వచ్చింది తదేయ్ పొగాచర్, ఒక్కడే. స్లొవేనియా కుర్రాడు, అప్పటికే టూర్ ద ఫ్రాన్స్ రెండుసార్లు గెలిచినవాడు. రాళ్ల మీద కూడా సీటు మీద కూర్చునే తొక్కుతున్నాడు, పెదవులు బిగించి. అతను దాటిపోయాక రోడ్డు కాసేపు ఖాళీ. అందరూ కిందికి తొంగి చూస్తున్నారు. దూరంగా, మోటార్ సైకిల్ వెనక, ఒక నల్లటి ఆకారం కదిలింది. ఎవరో ఇంకా తెలియదు. మోచేతులు బయటికి ఉన్నాయి, సైకిల్ అటూ ఇటూ ఊగుతోంది.

"మాథ్యూ" అన్నాడు బావ.

నేనింకా నోరు తెరవలేదు. దగ్గరికి వచ్చాక చూస్తే అతనే. ఫిబ్రవరిలో చూసిన నోరు, అదే తెరుచుకోవడం. కానీ ఈసారి మోచేతుల్లో బలం లేదు. సైకిల్‌ను అతను విసరడం లేదు, సైకిలే అతన్ని ఊపుతోంది. రాళ్లు వదిలేసి అంచున ఉన్న మట్టి చార మీదికి చక్రాన్ని తెచ్చుకున్నాడు. అంత అలసటలోనూ చక్రం పక్కకు జారలేదు. అక్కడి నుంచి ఫినిష్‌కు పదిహేడు కిలోమీటర్లు. పొగాచర్ 16 సెకన్ల తేడాతో గెలిచాడు, వాన్ డర్ పూల్ రెండో స్థానం, మ్యాడ్స్ పెడెర్సన్ మూడు. టూర్ ద ఫ్రాన్స్, టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రెండూ గెలిచినవాళ్లు అంతకుముందు ఇద్దరే: లూయిజో బొబే, ఎడ్డీ మెర్క్స్.

చాలామంది అప్పుడే టీవీ పెట్టిన గుడారాల్లోకి వెళ్లిపోయారు. నాకు అది నచ్చదు. ఆడవాళ్ల రేసు ఇంకా రావాల్సి ఉంది. మేం కదల్లేదు. మనుషులు పలచబడ్డాక ఆ దారి ఇంకా బాగా కనిపించింది. లొటె కొపెక్కీ ఇదే గుట్ట మీద మిగతావాళ్లను వదిలించుకుని ఒంటరిగా వెళ్లిపోయింది, వరుసగా రెండో ఏడాది గెలిచింది. ఆమె దాటుతున్నప్పుడు చుట్టూ అరుపులు కాస్త తగ్గి ఉండటంతో ఒక సంగతి విన్నాను. రాళ్ల మీద గొలుసు ఫ్రేముకు తగులుతున్న టకటక, దాని మధ్య ఆమె ఊపిరి. తెరిపి లేకుండా, ఒకే లయలో.

తిరుగు దారిలో సైకిళ్లు నడిపించుకుంటూ దిగుతున్నాం. ఔదెనార్డె వెళ్లే దారికి దగ్గర్లోనే కొప్పెన్‌బెర్గ్ అని ఇంకో రాళ్ల గుట్ట ఉంది. దాని మీద ఏటా సైక్లోక్రాస్ రేసు కూడా జరుగుతుంది, పక్కనున్న పచ్చిక బయళ్లలోకి దిగి మళ్లీ రాళ్ల మీదికి ఎక్కుతారు. ఆ మాట చెప్పగానే బావ ఆగాడు.

"ఎప్పుడు?"

"నవంబర్ 1న బావా."

ఫోన్ తీసి క్యాలెండర్ చూశాడు. "బుధవారం. ఆ రోజు ఇక్కడ సెలవే" అని, అక్కడే నిలబడి మా అక్కకు ఫోన్ కలిపాడు.