గుంటక కింద పోబోయిన నారేపి

మా శెనక్కాయ చేను గట్టు మీద ఒకే ఒక్క నారేపి చెట్టుంది. కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలలు మావి. మునుపు చేనుకు నాలుగైదు ఉండేవట. మా జేజినాయన దీని నారతోనే ఎద్దులకు పలుపులు పేనేవాడు. ఎండాకాలం గడ్డి అయిపోతే రెమ్మలు కొట్టి పశువులకు వేసేవాళ్లు. కట్టె సంగతి చెప్పక్కర్లేదు, ఎండిన ముక్కనైనా తొట్లో వేస్తే రాయిలా మునుగుతుంది.

దీనికి తోడు పెంచుదామని ఏడేళ్ల కింద మొదలుపెట్టాను. అసలు గింజలు దొరకడమే కష్టం. ఏటేటా దండిగా కాయదు, మూడు నాలుగేళ్లకోసారి విరగ్గాస్తుంది. రెక్కలాంటి పలచటి కాయ, కొసన ఒక్క గింజ. మే నెల గాలికి పక్కోళ్ల చేలోకి ఎగిరిపోతాయి. పట్ట పరిచి ఏరుకుంటే సగానికి పురుగు బెజ్జాలు.

మొదటేడు నర్సరీ తెలివి చూపించాను. సంచుల్లో 40 మొలిపించాను. పైన జానెడు కూడా పెరగలేదు గానీ, లోపల తల్లివేరు సంచి అడుగు తాకి చుట్ట చుట్టుకుంది. వానల్లో నాటితే పచ్చగానే ఉన్నాయి. సంక్రాంతి దాటినాక ఒక్కొక్కటే ఎండి, ఉగాదికి అన్నీ పోయాయి.

"దాన్ని సంచిలో పెంచుతారా ఎవరన్నా? యాడుండాల్నో ఆడే ఏయాల" అన్నాడు చిన్నాయన.

రెండేళ్లు ఆగి, మళ్లీ కాసినప్పుడు, రెక్కలు తుంచి ఒక రాత్రి నానబెట్టి, తొలకరికి కంది సాళ్ల పక్కన 60 గుంతల్లో మూడేసి గింజలు వేశాను. బాగానే మొలిచాయి. ఒక తొడిమకు రెండాకులు, ఆరె చెట్టు ఆకును నిలువునా చీల్చినట్టు. ఎండాకాలానికి అవీ నేలమట్టంగా ఎండిపోయాయి. ఇక లాభం లేదని, నేల చెక్కే గుంటక తోలించబోతుంటే చిన్నాయన అడ్డమొచ్చి, కొడవలి కొనతో ఒక మొదలు దగ్గర తవ్వాడు. వేరును గోటితో గీరితే తడి! మూరెడు తవ్వినా కొస దొరకలేదు.

"పైన సచ్చింది గానీ లోపల ఏరు కిందికి పోతానే ఉంది సూడు" అన్నాడు.

వాన పడగానే అదే మొదట్లోంచి ఎర్రటి చిగురు. తర్వాత రెండేళ్లూ ఇదే తంతు: ఎండాకాలం ఎండడం, వానకు లేవడం. వేరు తడి అందుకునేదాకా ఇంతేనట. మొక్కల లెక్క ఎండాకాలంలో తీసేవాళ్లు ఈ చెట్టును చచ్చినవాటి కిందే రాస్తారు. నేనూ అదే చేయబోయాను కదా.

ఇప్పుడు 23 ఉన్నాయి. అన్నిటికన్నా పొడుగుది నా నడుము దాటలేదు. చుట్టూ కంప వేశాను గానీ మేకలకు కంప ఒక లెక్కా? మొన్న ఒకదాన్ని మొదలంటా కొరికేశాయి. నా లెక్కలో 22. చిన్నాయన మాత్రం ఇంకా 23 అనే అంటున్నాడు.