జంతువు వాసనలో సూక్ష్మజీవుల వాటా

తూర్పు ఆఫ్రికా గడ్డిభూములలో మచ్చల దుమ్ములగొండి ఎత్తయిన గడ్డిపరకల మీదుగా నడుస్తూ, తోక కింద ఉన్న సంచిని వాటికి రాసి వెళుతుంది. పరకపై జిగటైన పూత మిగులుతుంది. తరువాత అటుగా వచ్చిన మరొక దుమ్ములగొండి ఆ పూతను వాసన చూసి, దానిని వదిలినది తన గుంపుకు చెందినదా, పరాయిదా, ఆడదా, మగదా అన్నది పసిగట్టగలదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఆ వాసన మొత్తం ఆ జంతువు ఒంట్లో పుట్టినదేనని అనుకున్నాను. అందులో చాలా భాగాన్ని సంచిలో కాపురముండే బ్యాక్టీరియా తయారుచేస్తూ ఉండవచ్చునని తెలిశాక, జంతువుల సంభాషణ గురించి చదివే ప్రతి విషయాన్నీ మళ్ళీ మొదటి నుండి ఆలోచించుకోవలసి వచ్చింది.

ఈ ఊహ కొత్తది కాదు. నక్కలకు, ముంగిసలకు మలద్వారం పక్కన ఉండే సంచులను 1970లలో పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వెచ్చగా, తేమగా ఉండే ఆ చోట బ్యాక్టీరియా గ్రంథుల స్రావాలను పులియబెట్టి, తేలికగా ఆవిరయ్యే ఆమ్లాలను విడుదల చేస్తుందని, జంతువులు ఒకదానినొకటి గుర్తుపట్టడానికి ఆ వాసనే తోడ్పడుతుందని ప్రతిపాదించారు. అయితే ప్రయోగశాలలో పెరగని బ్యాక్టీరియాను గుర్తించే మార్గం అప్పట్లో లేదు. డీఎన్ఏను చదివి సూక్ష్మజీవులను గుర్తించే పద్ధతులు వచ్చాక, కెవిన్ థైస్, కే హోల్‌క్యాంప్ అనే పరిశోధకులు, వారి సహచరులు కెన్యాలోని మచ్చల, చారల దుమ్ములగొండుల పూతలను పోల్చి, 2013లో ఫలితాలను ప్రచురించారు. పూతలోని బ్యాక్టీరియాలో అధికభాగం పులియబెట్టే రకానిదేనని తేలింది. బ్యాక్టీరియా సమూహం మారిన చోట ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాల పాళ్ళు కూడా మారాయి. ఆ తేడాలు రెండు జాతుల మధ్యనే కాక, మచ్చల దుమ్ములగొండులలో లింగాన్ని బట్టి, పునరుత్పత్తి దశను బట్టి కూడా కనిపించాయి.

అయినా, రెండు విషయాలు కలిసి మారినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేము. బ్యాక్టీరియాను తొలగించి చూసినప్పుడే ఆ సంగతి తేలుతుంది. అందుకే నాకు అన్నిటికన్నా గట్టి ఆధారంగా తోచేది ఎడారి మిడతల ప్రయోగం. మిడతలను గుంపుగా కలిపి ఉంచే వాసనలలో గ్వాయకాల్ అనే పదార్థం ఒకటి. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన మిడతల విసర్జనలో అది కనిపించలేదని, పేగుల్లో పాంటోయా అగ్లోమెరాన్స్ వంటి బ్యాక్టీరియా ఉన్నప్పుడే అది తయారవుతుందని 2000లో వెల్లడైంది. మొక్కలను కఠినంగా ఉంచే లిగ్నిన్ నుండి వచ్చే వెనిలిక్ ఆమ్లమే దానికి ముడిసరుకు. అంటే మిడత తిన్న ఆకు, మిడత పేగు, ఆ పేగులోని బ్యాక్టీరియా, ఈ మూడూ కలిస్తేనే ఆ వాసన పుడుతున్నది.

హూపో పక్షుల విషయంలో కూడా ఇటువంటి పరీక్ష జరిగింది. గుడ్లు పొదిగే తల్లి పక్షికి, గూటిలోని పిల్లలకు తోక మొదట్లోని గ్రంథి నుండి నల్లని, ఘాటైన వాసన గల స్రావం వస్తుంది. ఆ గ్రంథిలో ఎంటరోకాకస్ బ్యాక్టీరియా నివసిస్తుంది. యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు ఆవిరయ్యే పదార్థాలలో అనేకం తగ్గిపోయాయి. ఆ స్రావం ఈకలను తినే బ్యాక్టీరియాను అదుపు చేస్తుంది కనుక, దానిని సందేశంగా కన్నా రక్షణగా చూడడమే సబబని నా అభిప్రాయం.

ఎలుకల కథ మరింత సూక్ష్మమైనది. ఆహారంలోని కోలీన్ అనే పోషకాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. కుళ్ళిన చేపల వాసన దీనిదే. సాధారణంగా కాలేయంలోని ఒక ఎంజైము దీనిని వాసన లేని పదార్థంగా మార్చివేస్తుంది. యుక్తవయసు వచ్చిన మగ చిట్టెలుకలో మాత్రం ఆ ఎంజైము తయారీ బాగా తగ్గిపోవడం వల్ల ఆ వాసన మూత్రంలో నిలిచిపోతుంది. చిట్టెలుకలను ఆకర్షించే ఈ వాసననే వేరే జాతికి చెందిన పెద్ద ఎలుకలు ఏవగించుకుంటాయి. వాసనను బ్యాక్టీరియా తయారుచేసినా, దానిని బయటికి వదలాలా, అణచివేయాలా అన్నది జంతువు దేహం చేతిలోనే ఉందని చూపడం వల్ల ఈ ఉదాహరణ నాకు ఎంతో విలువైనది.

పండ్ల ఈగలపై 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనాన్ని చాలామంది ఉత్సాహంగా ఉదాహరిస్తారు. వేర్వేరు ఆహారాలపై పెంచిన ఈగలు తమ వంటి ఆహారం తిన్నవాటితోనే జతకట్టాయని, యాంటీబయాటిక్ ఇచ్చాక ఆ ఎంపిక మాయమైందని అది చెప్పింది. తరువాత మరొక బృందం ప్రయత్నించినప్పుడు అదే ఫలితం రాలేదు. అందువల్ల దానిని నేను ఇప్పటికి పక్కన పెడతాను.

నన్ను వదలని ప్రశ్న దుమ్ములగొండి పిల్లలది. గ్రంథిలో ఇంకా పూత తయారుకాని వయసులోనే అవి పెద్దలు పూత రాసిన గడ్డిపరకల మీదుగా నడిచి, తమ ఖాళీ సంచులను వాటికి రాస్తుంటాయి. చూడడానికి అది పెద్దలను అనుకరించే ఆటలా ఉంటుంది. గుంపులోని పెద్దలు వదిలిన బ్యాక్టీరియాను ఆ పిల్లలు అలా తమ సంచులలోకి తెచ్చుకుంటున్నాయేమోనన్నది పరిశోధకుల ఊహ. అదే నిజమైతే, పిల్ల ఇంకా ఏ సందేశమూ వదలలేని వయసులోనే, గుంపు వాసనను తయారుచేసే జీవులు ఆ గడ్డిపరక మీదుగా దాని ఒంట్లోకి చేరుతున్నాయన్నమాట.