పోరుమామిళ్లలో కప్ప, బ్రహ్మంసాగర్‌లో స్పూను, మైలవరంలో స్పిన్నరు

కడప నుంచి సిద్ధవటం మీదుగా బద్వేలు, అక్కణ్ణుంచి పోరుమామిళ్ల. తిరుగు దారిలో బ్రహ్మంగారిమఠం, మైదుకూరు, ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు పక్కన మైలవరం. గాలం కర్రలు సర్దుకుని మేం తిరిగిన దారి ఇది. ఈ దారినే ఎంచుకోవడానికి కారణముంది. పాత చెరువు, లోతైన జలాశయం, ఏటి రాళ్ల మధ్య పారే నీళ్లు, మూడూ ఒక్క జిల్లాలోనే దొరుకుతాయి. ఒక చోట పనికొచ్చిన ఎర ఇంకో చోట ఎందుకు పనికిరాదో కళ్లారా చూడొచ్చు.

కృత్రిమ ఎరలు కొనేటప్పుడు చాలామంది అంగట్లో రంగులు చూసి కొంటారు. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. మనకు కావాల్సిన చేప పైన తిరుగుతుందా, అడుగున తిరుగుతుందా? వేటాడి మింగుతుందా, నీళ్లు వడగట్టుకుని తింటుందా? ఆ నీళ్లలో జమ్ము ఉందా, బండలున్నాయా? ఇవి తేలితే సీమ చెరువులకు మూడు ఎరలు చాలు: రబ్బరు కప్ప, స్పూను (చెంచా గిన్నెలా ఉండే లోహపు ఎర), చిన్న స్పిన్నరు (నీళ్లలో తిరిగే రెక్క ఉన్న ఎర). మూడూ కలిపినా ఒక టిఫిను డబ్బాలో పడతాయి.

మేం బయల్దేరింది శివరాత్రి దగ్గరపడే రోజుల్లో. చలి వెనక్కు తగ్గుతుంటే గట్టు వారన లోతు తక్కువ నీళ్లు ముందుగా వేడెక్కుతాయి. చలిలో మందంగా పడి ఉన్న కొరమీను అప్పుడు వారకొచ్చి తిరుగుతుంది. చెరువులో నీళ్లు తగ్గుతూ ఉండటంతో జమ్ము మొదళ్లు, వాటి మధ్య సందులు బయటపడతాయి. వానాకాలంలో ఎరుపు, నారింజ రంగు పిల్లల గుంపు ఒకటి నీటి మీద కదులుతూ కనిపిస్తే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ కప్ప వేస్తే ఆకలి లేకపోయినా కోపంతో వచ్చి కొడతాయి. వాటిని పట్టేస్తే ఆ గుంపు మొత్తం పక్కె చేపలకూ పక్షులకూ పోతుంది. ఆ కాలంలో ఆ గుంపుల జోలికి పోకూడదు.

సిద్ధవటం దాటినాక రోడ్డు లంకమల అడవి వారగా పోతుంది. కలివికోడి అనే పక్షి అంతరించిపోయిందనుకున్న చాలా ఏళ్లకు 1986లో మళ్లీ కనిపించింది ఈ కంపల్లోనే. అభయారణ్యం కాబట్టి ఇక్కడి వాగుల్లో గాలం వెయ్యకూడదు. మేం బండి కూడా ఆపలేదు.

పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం అక్కడే ఉంది. 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 ఏళ్ల పని అని అందులో రాయించాడు. చెరువుకు ఉండాల్సిన లక్షణాలు, ఉండకూడని దోషాలు కూడా ఆ శాసనంలో వరసగా ఉన్నాయి. ఆ కట్ట మీద నిలబడి చూస్తే మొదట కళ్లు పోయేది చెరువు పొడవు మీదికే. గాలం వేసేవాడు మాత్రం ఆ చూపును దగ్గరికి లాక్కోవాలి. మధ్య నీళ్లలో కొరమీనుకు పని లేదు. జమ్ముకూ తుంగకూ మధ్య బేసిను గిన్నె అంత ఖాళీ నీళ్లు ఎక్కడున్నాయో, అదీ చూడాల్సింది. కొరమీను గాలి పీల్చే చేప. నిమిషాలకోసారి పైకొచ్చి గుటక వేసి పోతుంది. ఆ గుటకకు నీటి మీద చిన్న సుడి లేస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి తళుకు తగ్గి అది ఇంకా బాగా కనబడుతుంది.

చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాల కింద ఉంటాయి. చేపపిల్లలు వదిలేది వాళ్లు, కాపలా కాసేదీ వాళ్లే. అడగకుండా గాలం వేస్తే అది దొంగతనం కిందే లెక్క. మేం వల ఆరేసుకుంటున్న పెద్దాయన దగ్గరికి పోయి అడిగాం. కొరమీను ఒకటో రెండో చూసి వదిలేస్తామని, బొచ్చె, రవ్వ జోలికి పోమని చెప్పాం. ఆయన మా డబ్బా చూసి, "ఏమబ్బీ, ఆ రబ్బరు కప్పను చేప తింటాదా?" అన్నాడు. "తినేదానికి కొట్టదు పెదనాయనా, కదిలిందని కొడ్తాది" అంటే తలూపి మరవ (అలుగు) పక్కన తుంగ ఉన్న మూల చూపించాడు. మాకు తెలియని మూల అది.

కప్ప గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువ మంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. కొనాల్సింది పొట్ట బోలుగా ఉన్నది, 5 నుంచి 6 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 గ్రాముల బరువు. వెనక జంట హుక్కు ఉంటుంది. దాని రెండు ముళ్లూ కప్ప వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి జమ్ములో తగులుకోదు. చేప నోట్లో పొట్ట నొక్కుకుపోయినప్పుడు మాత్రమే ముళ్లు బయటికొస్తాయి. అందుకే అంగట్లోనే బొటనవేలితో నొక్కి చూడాలి. వేలికే సులువుగా అణగని కప్ప చేప దవడకు అసలు అణగదు. అది ఎంత అందంగా ఉన్నా వద్దు.

కొన్నాక చేసుకోవాల్సిన పనులున్నాయి. ముళ్లు వీపుకు మరీ అతుక్కుని ఉంటే ప్లయరుతో ఒక్కోదాన్ని 1 లేదా 2 మిల్లీమీటర్లు పైకి వంచాలి. అంతకు మించితే ప్రతి ఆకుకూ తగులుతుంది. కొరమీను నోరు ఎముక. కొత్త హుక్కయినా సన్నటి ఆకురాయితో మొన పదును పెట్టాలి. గోటి మీద ఆనించి లాగితే జారకుండా గీరుకోవాలి, అప్పుడే పదును సరిపోయినట్టు. ఇక కాళ్ల కుచ్చు. కొత్త కప్పకు కాళ్లు పొడుగ్గా వస్తాయి. చేప ఆ కుచ్చునే పట్టుకుని వదిలేస్తుంటే కత్తెరతో 2 సెంటీమీటర్లు కత్తిరించాలి. ఒక కాలు అర సెంటీమీటరు ఎక్కువ ఉంచితే కప్ప నేరుగా రాకుండా అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. పదిసార్లు వేసేసరికి హుక్కు కాడ దూరిన కంతలోంచి పొట్టలోకి నీళ్లు పోతాయి. కప్ప వెనక భాగం మునిగి ఈడుస్తున్నట్టు వస్తుంటే కారణం అదే. పిండి నీళ్లు తీసెయ్యాలి. ఇంటికెళ్లాక పూర్తిగా ఆరబెట్టి ఆ కంత చుట్టూ సిలికాన్ పూస్తే చాన్నాళ్లు ఆగుతుంది.

దారం విషయంలో రాజీ పనికిరాదు. నైలాను సాగుతుంది. జమ్ములో చేప తగిలినప్పుడు ఆ సాగుడుకే ముల్లు దిగకుండా పోతుంది. 30 నుంచి 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన దారం) కావాలి. కర్ర ఆరున్నర నుంచి 7 అడుగులు, మీడియం హెవీ, అంటే కొంచెం గట్టిది. ముడికి దారాన్ని 20 సెంటీమీటర్ల మేర మడిచి, ఆ మడత కప్ప ముక్కు దగ్గరి రింగులో దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, మిగిలిన లూపులోంచి కప్పను మొత్తంగా దాటించాలి. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. లూపు చిన్నదైతే కప్ప దాటదు. దాటించేటప్పుడు రెండు పోగులు మెలిపడితే ఒకదాన్నొకటి కోసుకుంటాయి. పొడిగా గుంజితే వేడికి అక్కడే దెబ్బతింటుంది. ముడి దగ్గర తెగిన దారాలు ఎక్కువగా ఈ తప్పుల వల్లే తెగుతాయి.

వేసేటప్పుడు ఆ ఖాళీ నీళ్ల మీద వెయ్యకూడదు. దానికి రెండు మీటర్లు అవతల ఆకు మీద వేసి, పాకించుకుంటూ నీళ్లలోకి దించాలి. నీళ్లలో పడ్డాక రెండు కుదుపులు, ఒక ఆగుడు. ఆ ఆగుడులోనే చేప కొడుతుంది. తపుక్కున చప్పుడు వినగానే కర్ర లేపితే కప్ప గాల్లో ఎగిరి మన మొహం మీదికే వస్తుంది. కొరమీను చాలాసార్లు మొదట కొట్టి, తర్వాత నోట పట్టుకుంటుంది. దారం పక్కకు పోయి బిగిసేదాకా ఆగాలి. బిగిశాక గట్టిగా ఒక్క గుంజు, ఆపైన వదులివ్వకుండా రీలు తిప్పడమే. డ్రాగు, అంటే చేప లాగినప్పుడు రీలు దారం వదిలే పట్టు, బిగించి ఉంచాలి. చేప జమ్ము మొదళ్లలో దూరితే ఊడపీకకుండా దారం బిగువుగా ఉంచి గట్టు మీద పక్కకు నాలుగడుగులు నడిస్తే, దూరిన దారినే వెనక్కొస్తుంది.

అవతలి గట్టున ఆరోజు మాకు తగిలినవాటిలో పెద్దది మూర పొడవు ఉంటుంది. మొన వెనకటి కొక్కిని ముందే ప్లయరుతో చదును చేసి ఉంచాం కాబట్టి, చేపను తడిగుడ్డతో పట్టుకుని హుక్కును బయటికి తీయడం క్షణాల పని. కొక్కి చదును చెయ్యకపోతే దవడ చీలుతుంది. ఇంటికి తీసుకుపోయేవాళ్లకు ఒక మాట. కొరమీనును నిండా నీళ్లు పోసి మూత బిగించిన బకెట్లో పెడితే గాలి అందక చస్తుంది. మూరెడు బకెట్లో జానెడు నీళ్లు, పైన తడి గోనె చాలు.

పోరుమామిళ్ల నుంచి బ్రహ్మంగారిమఠం వైపు తిరిగితే లెక్క మొత్తం మారుతుంది. బ్రహ్మంసాగర్ తెలుగుగంగ జలాశయం. శ్రీశైలం వెనక నీళ్లు పోతిరెడ్డిపాడు నుంచి వెలుగోడు మీదుగా వస్తాయి. తేటనీళ్లు, లోతు, రాతి కట్ట. ఇక్కడ కప్పతో చేసేది ఏమీ లేదు. అడుగున తిరిగే వాలుగకు లోతులోకి దిగి, చేపపిల్లలా తళుక్కుమనేది కావాలి. అంటే స్పూను.

12 నుంచి 18 గ్రాములది తీసుకోవాలి. తేటనీళ్లకు వెండి రంగు, మట్టినీళ్లకు రాగి లేదా ఇత్తడి రంగు. లోతుకు పోయేకొద్దీ ఎరుపే ముందుగా మాయమవుతుంది కాబట్టి ఎర్ర పూతకు ఎక్కువ పెట్టి కొనాల్సిన పని లేదు. ఇంట్లోనే చేసుకోవచ్చు కూడా. మందమైన స్టీలు చెంచా కాడ కోసేసి, గిన్నె రెండు కొసల్లో అంచుకు 4 మిల్లీమీటర్లు లోపల పంచ్‌తో గుర్తు కొట్టి, 3 మిల్లీమీటర్ల కంతలు వెయ్యాలి. డ్రిల్లు మెల్లగా తిప్పుతూ చుక్క నూనె వెయ్యాలి. వేగంగా తిప్పితే స్టీలు వేడెక్కి గట్టిపడిపోయి బిట్టు మొండివోతుంది. కంత అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యకపోతే హుక్కు తగిలించే స్ప్లిట్ రింగు అరుగుతుంది. పల్చటి టీ చెంచా గాలికే తిరిగిపోతుంది, దూరం పడదు.

స్పూనుకు మూడు ముళ్ల హుక్కు వస్తుంది. దాన్ని తీసేసి పెద్ద ఒంటి హుక్కు వేస్తే రాళ్లలో ఇరుక్కోవడం బాగా తగ్గుతుంది, చేపకూ దెబ్బ తక్కువ. ముందు స్వివల్ (గుండ్రంగా తిరిగే చిన్న కీలు) తప్పనిసరి. అది లేకపోతే సాయంత్రానికి దారమంతా మెలిపడి రీలు మీద ఉండలు కడుతుంది. వాలుగ పళ్లు సన్నవే కానీ వరసలు వరసలుగా ఉండి దారాన్ని ఆకురాయిలా గీరేస్తాయి. అందుకని దారానికీ స్పూనుకూ మధ్య 60 పౌండ్ల మందపు నైలాను ముక్క అడుగున్నర లీడరుగా కట్టాలి.

వాలుగ పొద్దు గూకాక కదులుతుంది. మధ్యాహ్నం ఎండలో స్పూను విసరడం చేతికి కసరత్తే. పొద్దున్నే గట్టు దగ్గర స్పూను ముంచి మీటరు దిగడానికి ఎన్ని అంకెలు పడుతున్నాయో లెక్కపెట్టుకుంటే, చీకట్లో విసిరినప్పుడు ఎంత లోతుకు పోయిందో అంకెలతోనే తెలుస్తుంది. లాగేటప్పుడు స్పూను ఊగాలి, గిరగిరా తిరగకూడదు. కర్ర కొసలో తడబాటు తెలుస్తుంటే ఊగుతున్నట్టు. సన్నటి జివ్వుమనే వణుకు ఒకటే వస్తుంటే తిరుగుతున్నట్టు, వేగం తగ్గించాలి. నాలుగు తిప్పులకోసారి ఆపి ఒక అడుగు జారనివ్వాలి. వాలుగ ఎక్కువసార్లు పట్టేది ఆ జారేటప్పుడే. ప్రపంచవ్యాప్తంగా ఈ చేపను ముప్పు పొంచి ఉన్నవాటి జాబితాలో పెట్టారు. పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు. మేం వదిలేశాం, మీరూ వదిలితే మంచిది. నోట్లో చెయ్యి మాత్రం పెట్టొద్దు.

మైలవరం దగ్గర ఎక్కువ చెప్పేది లేదు. పైన గండికోట, కింద మైలవరం, మధ్య పెన్న. డ్యాము గేట్ల దగ్గరికి, నిషేధం రాసిన చోటికి పోకుండా వెనక జలాల వారన జిలేబి చేపలకూ మట్టగిడసలకూ 3 నుంచి 5 గ్రాముల స్పిన్నరు వేశాం. దీనికి 6 పౌండ్ల నైలాను చాలు. రెక్క తిరిగితేనే స్పిన్నరు, తిరక్కపోతే ఇనుప ముక్క. నీళ్లలో పడగానే కర్రతో ఒక చిన్న కుదుపు ఇస్తే తిరగడం మొదలవుతుంది. అయినా తిరక్కపోతే రెక్క మెడ దగ్గర నాచు పోగు చుట్టుకుందేమో, లోపలి తీగ వంగిందేమో చూడాలి. రెండిట్లో ఒకటి అయ్యుంటుంది.

బొచ్చె, రవ్వలకు ఈ మూడింట్లో ఏదీ వెయ్యొద్దు. బొచ్చె పైపైన నీళ్లు వడగట్టుకుని తింటుంది, స్పూను వెంట పడదు. ఎప్పుడైనా తగిలిందంటే పక్కనో తోకనో గుచ్చుకున్నట్టే, దాన్ని వదిలెయ్యాలి. వాటికి చెనిక్కాయ చెక్క 2 పాళ్లు, తవుడు 1 పాలు, కలిసేంత మైదా వేసి నిమ్మకాయంత ముద్ద కట్టాలి. నీళ్లలో పది పదిహేను నిమిషాల్లో విడిపోవాలి. గంటైనా అలాగే ఉంటే మైదా ఎక్కువైనట్టు.

పెన్న బండల్లో స్పిన్నరు ఇరుక్కుంటే కర్ర వంచి గుంజకండి, కర్ర కొస విరుగుతుంది. దారం వదులు చేసి, వేలితో విల్లులా లాగి టక్కున వదిలితే ఎర వెనక్కి దూకి సగం సార్లు ఊడొస్తుంది. రాకపోతే నాలుగడుగులు అవతలికి పోయి వేరే కోణం నుంచి లాగాలి. అదీ కాకపోతే దారాన్ని చేతికి కాకుండా ఒక కట్టెకు చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని నేరుగా లాగి తెంపాలి. తెగిన దారం నీళ్లలో వదలకుండా ఎంత వస్తే అంతా చుట్టి జేబులో వేసుకోవాలి, కొంగల కాళ్లకు చుట్టుకునేది అదే.