ట్రాన్సమ్ కుళ్ళితే పైన మాటు వేస్తే ఆగదు

అజ్మాన్‌లో బోట్ రిపేర్ యార్డులో పని నాది. ఎక్కువగా వేటకెళ్ళే ఫైబర్ బోట్లే వస్తాయి, ఇక్కడోళ్ళు వాటిని తరాద్ అంటారు. వాటిలో నేను బాగా పట్టించుకునేది ట్రాన్సమ్, అంటే అమరం (బోటు వెనక) వైపు గోడ, ఔట్‌బోర్డ్ ఇంజిన్ వేలాడేది దాని మీదే. బయటికంతా ఫైబరే కనపడుద్ది గానీ చాలా పాత బోట్లకి లోపల ప్లైవుడ్ ఉంటది. 200 హార్స్‌పవర్ ఇంజిన్ 200 కేజీలకి అటూ ఇటూ ఉంటది, అలాంటివి రెండు వేసుకుని అల మీద అల కొట్టుకుంటూ పోతుంటే ఆ బరువు మోసేది ఆ చెక్కే.

నీళ్ళు దిగేది పెద్ద పగులులోంచి కాదు. ఫిష్ ఫైండర్ (నీళ్ళలో చేపలెక్కడున్నాయో చూపించే మెషిన్) సెన్సర్ కోసం ఎవరో కొట్టిన రెండు స్క్రూలు, డ్రెయిన్ ప్లగ్ బొక్క, ఇంజిన్ బోల్టు చుట్టూ ఎండిపోయిన సీలెంట్ (నీళ్ళు దిగకుండా పూసే జిగురు), వీటిలోంచే చెమ్మ దిగుద్ది. రెండు పక్కలా ఫైబర్ మూసేసి ఉంటది కాబట్టి గల్ఫ్ ఎండకి కూడా అది ఆరదు.

మొన్నామధ్య ఒక పెద్దాయన వచ్చాడు, ఇంజిన్ కింద సన్న పగులు ఉంది, రెజిన్ (ఫైబర్‌ని అతికించే జిగురు) పూసి ఇచ్చెయ్ అన్నాడు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాం, మంచి చోట టంగుమంది, మధ్యలోకొచ్చేసరికి శబ్దమే చచ్చిపోయింది. ఇంజిన్ పైకి టిల్ట్ చేసి లెగ్ (ఇంజిన్ కింది భాగం) మీద బరువేస్తే గోడే కదిలింది. అయినా ఆ పెద్దాయన, అంటే మా అర్బాబ్ (ఇక్కడ యజమానిని అలా అంటాం), నమ్మలేదు. లోపలి వైపు నుంచి చిన్న డ్రిల్ వేశాం, పొడిగా రావాల్సిన పొట్టు నల్లగా తడిగా బిట్‌కి చుట్టుకుని వచ్చింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు, ఇంక బేరం ఆడలేదు, ఎపాక్సీతోనే (చెక్కకి బాగా పట్టుకునే రెజిన్) చెయ్ అన్నాడు.

ఇంజిన్లు దింపి, లోపలి పొర చుట్టూ 3 అంగుళాల అంచు వదిలి కోశాం. పై చెక్క చేత్తోనే ఊడొచ్చింది, కింది మూలల్లోనే అసలు కష్టం. మా భావనపాడు (శ్రీకాకుళం జిల్లా) వైపు కుర్రాడు కొత్తగా వచ్చాడు, "మావా, ఈ మూల గట్టిగానే ఉంది కదా, వదిలేద్దామా" అన్నాడు. గట్టిగా ఉండటం వేరు పొడిగా ఉండటం వేరు రా అని అక్కడా డ్రిల్ వేయించా, తడే. మొత్తం తీయించా. కుళ్ళు కొంచెం మిగిలినా కొత్త చెక్కకి పాకుద్ది. పాపం వాడికి ఆ గ్లాస్ దుమ్ముతో చేతులంతా దురద, ముందు చన్నీళ్ళే పోసుకోవాలని చెప్పా.

తర్వాత 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు, కోసిన అంచులన్నిటికీ ముందే రెజిన్ పట్టించి. అతికించే ఎపాక్సీలో సిలికా పౌడర్ కలిపి గారెల పిండిలా గట్టి చెయ్యాలి, బిగించినప్పుడు నాలుగు పక్కలా బయటికి ఉబికి రావాలి, రాలేదంటే లోపల గాలి ఉన్నట్టే. ఎండాకాలం పనైతే ఇంకో తంటా, పాలిస్టర్ అనే ఇంకో రకం రెజిన్‌లో అయితే హార్డెనర్ (గట్టిపడటానికి కలిపే మందు) కొంచెం తగ్గించొచ్చు గానీ ఎపాక్సీలో కొలత కొలతే, అందుకే కొంచెం కొంచెం కలిపి వెడల్పు ట్రేలో పోస్తాం, డబ్బాలో వదిలేస్తే కాగి పొగలొస్తాయి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు, కాబట్టి లామినేషన్ (గ్లాస్ బట్ట పరిచి రెజిన్ పట్టించే పని) పొద్దున్నే పెట్టుకుంటాం.

చాలామంది వదిలేసేది బోల్టు బొక్కల దగ్గర. ఒక్కో బొక్కని పెద్దది చేసి, నిండా గట్టి ఎపాక్సీ నింపి, అది సెట్ అయ్యాక మధ్యలో మళ్ళీ బోల్టు సైజుకి డ్రిల్ చెయ్యాలి. అప్పుడు సీలెంట్ రేపు పోయినా నీళ్ళకి తగిలేది ఎపాక్సీయే, చెక్క కాదు. దీనికి టైం పడుద్దని దాటేస్తారు, నాకు మాత్రం మనసొప్పదు. మా వైపు సునామీ తర్వాత ఫైబర్ తెప్పలు బాగా పెరిగాయి, మా ఇళ్ళల్లో మగాళ్ళు వేటకెళ్ళేది వాటి మీదే. ఒడ్డు కనపడని చోట ఇంజిన్ ఊడితే ఏమవుద్దో నాకెవరూ చెప్పక్కర్లేదు.

బోటు తీసుకెళ్ళేటప్పుడు అర్బాబ్ ఫిష్ ఫైండర్ సెన్సర్ మళ్ళీ పాత చోటే స్క్రూ చెయ్యమన్నాడు. కుదరదన్నా. లావు ఫైబర్ దిమ్మ ఒకటి ఎపాక్సీతో అతికించి, స్క్రూలు ట్రాన్సమ్ దాకా పోకుండా ఆ దిమ్మకే బిగించి ఇచ్చాం.