షార్లెట్ వడుకుతుందా, నేస్తుందా?

పోయిన ఏడాది మా ఏడో తరగతికి ఇంగ్లీషు నవల చెప్పాను. వాచకంలో పాఠంగా వచ్చే రెండు పేజీల ముక్క కాదు, మొదటి నుంచి చివరి దాకా ఒక పూర్తి పుస్తకం. ఇ.బి. వైట్ రాసిన ‘షార్లెట్స్ వెబ్’, 1952లో వచ్చింది, మొత్తం 22 అధ్యాయాలు. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు చుట్టుపక్కల ఒక హైస్కూలు. క్లాసులో 34 మంది ఉంటే నేను కొనగలిగిన కాపీలు ఏడు. ఐదుగురికి ఒక పుస్తకం చొప్పున బల్ల మధ్యలో పెట్టుకుని చదివాం. వారానికి రెండు పీరియడ్లు. జూలైలో మొదలుపెట్టి దసరా సెలవుల ముందు ముగించాం. సిలబస్ వెనకబడుతుందేమోనన్న టెన్షన్ ఆ మూడు నెలలూ నన్ను వదల్లేదు.

కథ తెలియనివాళ్ళ కోసం చెప్తాను. విల్బర్ ఒక పందిపిల్ల. చలికాలం వచ్చేసరికి దాన్ని కోసేస్తారు. అది ఉండే కొట్టం గుమ్మం మీద షార్లెట్ అనే సాలెపురుగు ఉంటుంది. అది తన గూట్లో అక్షరాలు అల్లి, ఈ పంది మామూలుది కాదని ఊరంతా నమ్మేలా చేసి, దాని ప్రాణం కాపాడుతుంది.

నవలతో పాటు ప్రతివాళ్ళకీ జర్నల్ అని ఒక నోట్‌బుక్ పెట్టించాను. ఎడమ పేజీలో ఆ వారం చదివిన దాంట్లోంచి ఒక్క వాక్యం ఎత్తి రాయాలి. కుడి పేజీలో దాని గురించి తమకు తోచింది రాయాలి. మొదటి వారం పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని రాత్రి కూర్చుని చూశాను. అందరి ఎడమ పేజీలోనూ అధ్యాయంలోని మొదటి వాక్యమే ఉంది. కుడి పేజీలో ‘దిస్ చాప్టర్ ఈజ్ వెరీ గుడ్. ఐ లైక్ ఇట్ వెరీ మచ్.’ కొందరు ఇంకాస్త కష్టపడి చివర ఒక నీతి కూడా చేర్చారు. మర్నాడు ఒకబ్బాయి లేచి, “ఏటి రాయాలో సెప్పండి టీచర్, అదే రాసేస్తాం” అన్నాడు. వాడు పొగరుగా అనలేదు, నిజంగానే అడిగాడు. గైడులో జవాబు చూసి రాయడం తప్ప ఇంకోలా రాయమని వాళ్ళను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేను కూడా ‘ఈ అధ్యాయంలో ఏం అర్థమైంది’ అనే అడిగాను. అలా అడిగితే అలాంటి జవాబే వస్తుంది.

ప్రశ్న మార్చాను. “చదువుతూ ఎక్కడ ఆగిపోయావు? ఎందుకు ఆగావు?” అంతే. ఇంగ్లీషు మాట దొరక్కపోతే తెలుగు మాట తెలుగు అక్షరాల్లోనే మధ్యలో రాసేయమన్నాను. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయమన్నాను. జర్నల్ మీద ఎర్ర పెన్ను పెట్టనని మాటిచ్చాను. దీనికి తోటి టీచర్లలో ఒకరు అభ్యంతరం చెప్పారు, ఇంగ్లీషు నోట్‌బుక్‌లో తెలుగేంటని. ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కదా. గిడుగు రామమూర్తి గారు మా జిల్లా పర్వతాలపేటలో పుట్టారనీ, పిల్లల చదువు వాడుక భాషలో ఉండాలని జీవితమంతా వాదించారనీ ఏటా మైకులో చెప్తాం. ఆయనకు దండ వేసి, మర్నాడు పిల్ల రాసిన ‘ఎల్లిపోనాది’ని కొట్టేయడం నాకు చేతకాలేదు.

ఐదో అధ్యాయానికి షార్లెట్ వచ్చింది. ఇంకాస్త ముందుకెళ్ళాక, దాని పొట్ట చివరి నుంచి దారం ఎలా వస్తుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్తున్నాను. స్పిన్ అంటే వడకడం, వీవ్ అంటే నేయడం అని రాశాను. వెనక బల్ల నుంచి ఒక ప్రశ్న వచ్చింది: “మరి షార్లెట్ వడుకుతాదా, నేస్తాదా టీచర్?”

ఇంకో ఊళ్ళో అయితే ఈ ప్రశ్న వచ్చేది కాదనుకుంటాను. పొందూరు ఖద్దరు దగ్గర వడికేవాళ్ళు వేరు, నేసేవాళ్ళు వేరు. రాట్నం దగ్గర ఆడవాళ్ళు కూర్చుంటారు, మగ్గం ఇంకో ఇంట్లో ఉంటుంది. రెండు పనులూ ఒకరే చేస్తారంటే మా పిల్లలు ఒప్పుకోలేదు. సాలెపురుగు పేరులోనే సాలె ఉంది కాబట్టి అది నేసేదేనని ఒక బల్ల. దూది కొనుక్కోకుండా దారం దానంతటదే తీసుకుంటుంది కాబట్టి వడికేదేనని ఇంకో బల్ల. రెండూ అదే చేస్తుందని నేను చెప్పాక ఒకమ్మాయి, “అయితే దానికి కూలి రెండింతలియ్యాల” అంది. ఇంగ్లీషులో వెబ్ అనే మాట కూడా నేతలోంచే పుట్టిందని చెప్పాను. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ వారం జర్నల్స్‌లో ఒకమ్మాయి కుడి పేజీలో ఒకే ఒక వాక్యం ఉంది. ‘మై మామ్మ హ్యాండ్ ఈజ్ షార్లెట్.’

దిద్దడానికి చెయ్యి అలవాటుగా లేచింది. దిద్దితే ఏం మిగులుతుందో ఆలోచించి ఆగిపోయాను. కింద నీలం పెన్నుతో, ‘మామ్మ రాట్నం దగ్గర కూర్చోక ముందు ఏమేం చెయ్యాలి?’ అని ఇంగ్లీషులో అడిగాను. తర్వాతి వారం పేజీన్నర వచ్చింది. గింజ ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో ఎలా దువ్వుతారో రాసింది. ఆ దవడ పళ్ళు సన్నగా దువ్వెనలా ఉంటాయట. ముట్టుకుంటే మామ్మ తిడుతుందట, విరిగితే మళ్ళీ దొరకడం కష్టమని. ఆ దూదిని వడకడానికి వీలుగా ఏకులుగా చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటి దవ్వలో పెడతారట. దవడకి ఇంగ్లీషు మాట ఏంటని అంతకుముందే స్టాఫ్ రూముకి వచ్చి అడిగి వెళ్ళింది. జా అని చెప్పాను. ‘వాలుగ’ మాత్రం తెలుగులోనే రాసింది. ఆ పేజీలో తప్పులు లెక్కపెడితే ఇరవై దాకా ఉంటాయి. కానీ చేప దవడ గురించి నాకంటే తనకే ఎక్కువ తెలుసని ఆ పిల్లకి తెలుసు. పేజీ అంతా ఆ ధీమాతోనే రాసింది.

నేను ఆపుకోలేకపోయాను. మర్నాడు ఆ పేజీ క్లాసులో పైకి చదివేశాను. తనను అడగలేదు. సంతోషంలో అడగాలని తోచలేదు. చదువుతుండగానే ఆ అమ్మాయి తల బల్ల మీద పెట్టేసుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను. ఇంటర్‌వెల్‌లో మగపిల్లలు కొందరు ‘సాలెపురుగు మనవరాలా’ అని పిలిచారని రెండు రోజుల తర్వాత వేరే పిల్ల ద్వారా తెలిసింది. తను మాత్రం నాకేమీ చెప్పలేదు.

ఆ వారం తన జర్నల్ తెరిచాను. ఎడమ పేజీలో అధ్యాయం మొదటి వాక్యం. కుడి పేజీలో ‘దిస్ చాప్టర్ ఈజ్ వెరీ గుడ్.’

ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను అంతగా బాధపెట్టిన ఇంగ్లీషు వాక్యం ఇంకోటి లేదు. గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు అందులో.

ఆ అబ్బాయిలతో మాట్లాడాను, అది వేరే సంగతి. నా తప్పు నాది. తన నోట్‌బుక్‌లో తెలుగులో రాశాను, ‘నిన్ను అడగకుండా చదవడం తప్పు. క్షమించమ్మా. ఇంకెప్పుడూ అలా చెయ్యను’ అని. తర్వాత క్లాసులో అందరికీ చెప్పాను: టీచర్ చూడకూడదనుకున్న పేజీని నిలువునా సగానికి మడిచేయండి. మడిచిన పేజీ నేను విప్పను. రాసినట్టే లెక్క, మార్కులు తగ్గవు. మిగతా పేజీలు కూడా మిమ్మల్ని అడక్కుండా ఎవరికీ చూపించను.

మొదట్లో నన్ను పరీక్షించడానికే ఖాళీ పేజీలు మడిచినవాళ్ళు కూడా ఉన్నారు. విప్పలేదని తెలిశాక మానేశారు. ఆ అమ్మాయి వరసగా మూడు వారాలు మడిచే ఇచ్చింది.

21వ అధ్యాయంలో షార్లెట్ చనిపోతుంది. సంత మైదానంలో, అందరూ వెళ్ళిపోయాక, ఒంటరిగా. దాని గుడ్ల సంచిని విల్బర్ నోట్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తుంది. ఆ రోజు క్లాసు చాలా నిశ్శబ్దంగా ఉంది. మొదట్లో ‘ఏటి రాయాలి’ అని అడిగిన అబ్బాయే ఆ వారం, సంచిలో 514 గుడ్లున్నాయి, ఒక్క పిల్ల కూడా అమ్మని చూడలేదు అని రాశాడు. వాళ్ళ అమ్మానాన్న పనికి చెన్నై వెళ్ళారు, వాడు తాతయ్య దగ్గరుంటాడు. దాని కింద ఏం రాయాలో నాకు చాలాసేపు తోచలేదు. ‘చదివాను నాన్నా’ అని మాత్రం రాశాను.

చేప దవడ అమ్మాయి నోట్‌బుక్ కట్టలో చివర ఉంది. ఎడమ పేజీలో, చనిపోయేటప్పుడు షార్లెట్ పక్కన ఎవరూ లేరని చెప్పే వాక్యం. కుడి పేజీ మడిచి ఉంది. పెన్ను గట్టిగా ఒత్తి రాసినట్టుంది, అక్షరాలు కాగితం వెనక్కి ఉబ్బి కనిపిస్తున్నాయి, పైనుంచి కింద దాకా. వేలితో తడిమితే తెలుస్తోంది.

మడత మీదే తేదీ వేసి, సంతకం పెట్టి, మర్నాడు తన చేతికిచ్చాను.