డ్రాఫ్ట్ లాగ్ 2025: తొమ్మిదో నంబరు నుంచి

మార్చి 15, శనివారం

మా ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ డ్రాఫ్ట్ ఆర్డర్, అంటే ఆటగాళ్ళని ఎంచుకునే వరస, వచ్చింది. పన్నెండు మందిలో నాది తొమ్మిదో నంబరు. వచ్చే శనివారం రాత్రే డ్రాఫ్ట్. ఫాంటసీ బేస్‌బాల్ అంటే నిజం ఆటగాళ్ళతో కాగితం మీద టీమ్ కట్టి, అసలు ఆటల్లో వాళ్ళు తెచ్చే అంకెలతో పోటీపడటం. ఇది నాకు మూడో సీజన్. మొదటి ఏడాది పదకొండో స్థానం, పోయినేడు ఏడో స్థానం. ఈసారి మొదటి మూడింట్లో నిలబడాలని ఫిబ్రవరి నుంచి రోజూ పిల్లలు పడుకున్నాక ఓ గంట దీనికే పెడుతున్నాను. ఇప్పటికి పద్నాలుగు మాక్ (ప్రాక్టీసు) డ్రాఫ్టులు చేశాను.

కొత్తవాళ్ళ కోసం: ఐపీఎల్ వేలంలోలా డబ్బు పెట్టి కొనడం ఇక్కడ లేదు, వంతులే. ఒక రౌండు ఒకటి నుంచి పన్నెండుకి పోతే, తర్వాతి రౌండు పన్నెండు నుంచి ఒకటికి వస్తుంది. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకెవరికీ దొరకడు. మొత్తం 23 రౌండ్లు, 14 మంది బ్యాటర్లు, 9 మంది పిచర్లు (బంతి విసిరేవాళ్ళు). పది విభాగాల్లో పాయింట్లు. బ్యాటర్లకి పరుగులు, హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి), ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో చేయించిన పరుగులు), స్టీల్స్ (బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ దొంగిలించడం), సగటు (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వంతు). పిచర్లకి గెలుపులు, సేవ్స్ (ఆధిక్యం కాపాడి ఆట ముగించడం), స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో తీసిన అవుట్లు), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు), విప్ (ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన హిట్లు, వాక్‌లు). ఒక్కో విభాగంలో మొదట ఉన్నవాడికి 12 పాయింట్లు, ఆఖరున ఉన్నవాడికి 1. ప్రతి పిక్‌కీ (ఎంపికకీ) అరవై సెకన్లు.

పోయినేడాది కాగితాలు మళ్ళీ తీశాను. అప్పుడు ఏడో పిక్‌లో స్పెన్సర్ స్ట్రైడర్‌ని తీసుకున్నాను. 2023లో 281 స్ట్రైకౌట్లు చేసినవాడు. రెండు ఆటలకే మోచేయి దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. మొదటి పిక్‌లో రొనాల్డ్ అకూన్యాని తీసుకున్నవాడికీ మే నెలలో అదే గతి పట్టింది, మోకాలు. దెబ్బల సంగతి ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి దాని గురించి బాధపడను. ఎవన్ కార్టర్ విషయంలో మాత్రం తప్పు పూర్తిగా నాదే. మా ఊరు ఫ్రిస్కోలో, టెక్సస్ రేంజర్స్ కింది స్థాయి (డబుల్-ఏ) టీమ్‌కి ఆడుతుండగా స్టాండ్స్‌లో కూర్చుని చూసిన కుర్రాడు. ఆ అభిమానంతో అందరూ తీసుకునే చోటికంటే మూడు రౌండ్లు ముందే తీసేసుకున్నాను. నడుం నొప్పితో 45 ఆటలే ఆడాడు. నొప్పి రాకపోయినా అది ముందుగా తీసుకున్న పిక్కే.

మార్చి 18, మంగళవారం

తెల్లవారుజామున అయిదుకి లేచి టోక్యోలో డాడ్జర్స్, కబ్స్ ఆట చూశాను. ఆట మొదలుపెట్టిన ఇద్దరు పిచర్లూ జపాన్ వాళ్ళే, యమమోతో, ఇమనాగ. మా లీగ్‌లో ఈ రెండు ఆటలు లెక్కలోకి రావు, అయినా సీజన్ మొదలైన సంతోషం వేరు.

సాయంత్రం స్టీల్స్ కాగితం తిరగరాశాను. 2023లో బేస్‌లు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగాయి, పిచ్ క్లాక్ (బంతి విసరడానికి గడువు) వచ్చింది. 2022లో మేజర్ లీగ్ మొత్తం మీద 2,486 స్టీల్స్, 2023లో 3,503. అంటే ఒకప్పుడు ఇరవై స్టీల్స్ కొట్టేవాడికి ఉన్న విలువ ఇప్పుడు లేదు. నా పాత లెక్కలన్నీ అక్కడే తప్పాయి.

పొజిషన్‌కో కాగితం పెట్టుకున్నాను. ఒకే స్థాయి వాళ్ళ పేర్లు వరసగా రాసి, స్థాయి మారేచోట పెన్సిల్‌తో అడ్డగీత. ఒక్కో పేరు పోతుంటే కొట్టేస్తూ, గీత పైన ఎంతమంది మిగిలారో చూడాలి. ర్యాంకుల జాబితా కంటే ఇదే పనికొస్తోంది.

మార్చి 22, శనివారం రాత్రి

డ్రాఫ్ట్ అయిపోయింది. పడుకోకముందే రాసేస్తున్నాను.

తొమ్మిదో పిక్: కార్బిన్ క్యారల్. గన్నర్ హెండర్సన్ ఉన్నాడు గానీ పక్కటెముకల కండరం పట్టేసి సీజన్ మొదట్లో ఆడేలా లేడు. పదహారు: జాక్ వీలర్. పోయినేడు 200 ఇన్నింగ్స్, 224 స్ట్రైకౌట్లు.

అసలు విషయం 33వ పిక్ దగ్గర. మాక్ డ్రాఫ్టుల్లో ఎన్నిసార్లు చేసినా బుర్రకెక్కనిది ఇవాళ ఎక్కింది. నాది తొమ్మిది కాబట్టి 33కీ 40కీ మధ్య ఆరు పిక్కులే. ఆ ఆరూ పది, పదకొండు, పన్నెండు నంబర్ల వాళ్ళవే, తలా రెండు. 40 దాటితే మాత్రం 57 దాకా నాకు వంతు లేదు, అటువైపు ఎనిమిది మంది తలా రెండు తీసుకుంటారు. అంటే బేసి రౌండులో నేను చదవాల్సింది మొత్తం గదిని కాదు, ఆ ముగ్గురి రోస్టర్లనే (ఇప్పటిదాకా ఎంచుకున్న టీమ్‌లనే).

చదివాను. నాకు కావాల్సినవి రెండు, థర్డ్ బేస్ (మూడో బేస్ దగ్గర ఆడేవాడు), క్లోజర్ (ఆఖర్లో వచ్చి సేవ్ తెచ్చే పిచర్). ముగ్గురిలో ఇద్దరికి థర్డ్ బేస్ నిండిపోయింది. క్లోజర్ ఒక్కరికీ లేడు. పైగా పదకొండో నంబరు మా లీగ్‌లో గుంటూరు అన్న అని పిలిచే ఆయనది, ఆయన ఎప్పుడూ క్లోజర్లని తొందరగా తీసుకుంటాడు. నా థర్డ్ బేస్ కాగితంలో గీత పైన ఇంకా ఇద్దరున్నారు. గడియారంలో పంతొమ్మిది సెకన్లుండగా మేసన్ మిల్లర్‌ని నొక్కాను. 65 ఇన్నింగ్స్‌లో 104 స్ట్రైకౌట్లు తీసినవాడు. వెంటనే ఇద్దరు క్లోజర్లు వెళ్ళిపోయారు, హేడర్, డియాజ్. 40లో మానీ మచాడో నాకోసం అలాగే ఉన్నాడు.

అన్న వెంటనే ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నా కాగితం మీద తర్వాతి పేరు మిల్లరే. నోటి దాకా వచ్చిన ముద్ద లాగేసుకున్నావు."

"అన్నా, మీరు తీసుకుంటారని తెలిసే ముందు తీసుకున్నా."

మధ్య రౌండ్లు ఫర్వాలేదు. పదిహేడో రౌండులో మాత్రం దెబ్బతిన్నాను. మా లీగ్‌లో తలా ఇద్దరు క్యాచర్లు (వికెట్ కీపర్‌లాంటివాళ్ళు) ఉండాలి. అంటే ముప్పై టీమ్‌ల క్యాచర్లలో 24 మంది డ్రాఫ్ట్‌లోనే పోతారు. 201వ పిక్ దగ్గర నాకు ఒక్కడే ఉన్నాడు. గీత పైన ఇంకో పేరు కూడా ఉంది. అయినా మంచి అవుట్‌ఫీల్డర్ కనపడగానే అటు చెయ్యి పోయింది. 208 వచ్చేసరికి ఆ క్యాచర్ లేడు. పక్కన ఆ ముగ్గురే ఉన్నారు, వాళ్ళ రోస్టర్లు చూడటం మర్చిపోయాను. 33 దగ్గర చేసిన పని 201 దగ్గర చేయలేదు. మూడు గంటలు కూర్చున్న అలసట అది. వచ్చే ఏడాది పదిహేనో రౌండు దగ్గర ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోవాలి: ముగ్గురినీ చూడు.

మార్చి 23, ఆదివారం

పొద్దున్నే రోస్టర్ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. స్టీల్స్, స్ట్రైకౌట్లు బలంగా ఉన్నాయి. సగటు సందేహమే. పోయినేడు క్యారల్ సగటు .231.

గురువారం సీజన్ మొదలు. రేపు రాత్రి వేవర్ (డ్రాఫ్ట్‌లో మిగిలిపోయినవాళ్ళని తీసుకునే వీలు) తెరుస్తారు. క్యాచర్ల కాగితం మీద కొట్టేయని పేర్లు ఇంకా అయిదున్నాయి. వాళ్ళలో వారానికి అయిదు ఆటలు ఎవరు ఆడతారో ఈ రాత్రికి తేల్చుకోవాలి.